జేబులో జమ్మి

లింగం ముఖం మీద కప్పిన తువాలు తీయగానే కానిస్టేబుల్ సత్యశ్రీ కాలువ గట్టు మీదికి పరిగెత్తి వాంతి చేసుకుంది. ఇన్‌స్పెక్టర్ నాగవల్లి మాత్రం చూపు తిప్పుకోలేదు. నిన్న పొద్దున ఏసీబీ ఆఫీసులో తన ఎదురుగా కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నాకేం కాదు గద మేడమ్?" అని అడిగిన మనిషి ముఖమే ఇది.

ఇనుప రాడ్డుతో కొట్టిన దెబ్బకు ఎడమ కణత లోపలికి దిగిపోయింది. కొట్టినవాడు అంతటితో ఆగలేదు. మనిషిని గట్టు మీద బోర్లా పడేసి, తల మాత్రం కాలువలోకి తోశాడు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే పసుపుపచ్చని నీళ్లు ఒక రాత్రిలో ఆ ముఖాన్ని ఉడికించేశాయి. చెంపల మీద చర్మం వేడినీళ్లలో వేసిన టమాటా తొక్కలా లేచిపోయి ఉంది. మెడ కింది నుంచి పాదాల దాకా మనిషి పొడిగానే ఉన్నాడు. పండక్కి కొనుక్కున్న నీలిగళ్ల చొక్కాకు ఇంకా గంజి కూడా పోలేదు.

"మీకేం కాదు లింగం గారూ, మీ వెనకాలే ఉంటాం" అని చెప్పింది తనే.

లింగానిది లక్డారం. ఈ కాలువ నీళ్లు తాగి రెండు బర్రెలు చచ్చాయి, వరి మాడింది. నీళ్లలో ఏముందో పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వమని కాలుష్యం చూసే ఇంజినీరు మధుబాబు దగ్గరికి వెళ్తే, ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఆయన లంచం అడిగాడు. లేనిది లేనట్టు రాయడానికి ఫ్యాక్టరీలు ఆయనకు నెలనెలా ఇస్తూనే ఉన్నాయని ఊరంతటికీ తెలుసు. లింగం ఏసీబీకి ఫిర్యాదు చేశాడు. దసరా మర్నాడు మధుబాబును పట్టుకోవడానికి ఏర్పాటైంది. నోట్లకు పొడి పూసి లింగం జేబులో పెట్టారు. ఆ పొడి కంటికి ఆనదు. అది అంటిన చేతికి బట్టల సోడా నీళ్లు తగిలితే గులాబీరంగు వస్తుంది.

లింగం బండి మీద ముందు వెళ్లాడు. వీళ్లు కారులో వెనక వెళ్లారు. షిఫ్టు వదిలే వేళ కంపెనీ బస్సులు అడ్డం తిరిగాయి. అవి కదిలేసరికి ముందు బండి లేదు. రోడ్డు పక్క హోటల్లో మధుబాబు టీ మీద టీ తాగి, గడియారం చూసుకుని, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

"అయిపోయిందా మేడమ్ చూసుడు?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలప్ప జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. అతని బూటు పక్కన, నేల మీద, ట్యాంకర్ క్లీనర్ ఒకడు ముడుచుకుని కూర్చున్నాడు. వాడి పై పెదవి చీలి రక్తం గడ్డం మీదుగా బనియన్‌లోకి కారుతోంది.

"ఎవరతను?"

"ఇగ ఈడే. బీహారోడు. రాత్రి ట్యాంకర్ దెచ్చి గిక్కడ ఖాళీ జేస్తుండు. మీ లింగం కంటబడ్డడు. జేబుల పైసలు జూసిండు, రాడ్డుతోటి కొట్టిండు. అయిపాయె."

"సాబ్, మైఁనే నహీఁ మారా సాబ్" అంటూ, తాను కొట్టలేదని వాడు చేతులు జోడించాడు. బాలప్ప అటు చూడకుండానే కాలితో వాడి పక్కటెముకల్లో తన్నాడు. వాడు కుక్కలా అరిచి పక్కకు ఒరిగాడు.

"కొట్టకండి బాలప్ప గారూ."

"మీరు లంచాలు వట్టుకోండ్రి మేడమ్. శవాలు మాయి." నవ్వాడు. "ఎవరి మనిషిని వాళ్లు కాపాడుకుంటే నాకీ పని ఉండకపోవు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. నాగవల్లి గ్లవుజులు తొడుక్కుని శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. జేబులో నోట్లు లేవు. చూపుడువేలు అడుగు కుట్టు దాకా పోనిచ్చింది. గరుకుగా ఏదో తగిలింది. పైకి తీస్తే నలిగిన జమ్మి రెబ్బ. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"సత్యశ్రీ, ఇలా రా. నిన్న ఈ జేబులో డబ్బు పెట్టింది ఎవరు?"

సత్యశ్రీ మూతి తుడుచుకుంటూ వచ్చింది. "నేనే మేడమ్. ముందు జేబు ఖాళీ చేయించాం. బీడీ కట్ట ఉంటే తీసేశాం. జేబు తిరగేసి దులిపాను కూడా. సాక్షులిద్దరూ చూశారు."

"ఇది ఉందా అప్పుడు?"

"లేదు మేడమ్. ఒట్టు."

"ఒట్టెందుకు, సాక్షులున్నారుగా." నాగవల్లి లేచింది. "బాలప్ప గారూ, మీ బీహారు కుర్రాడు దసరా 'బంగారం' అని లింగం చేతిలో జమ్మి పెట్టి, అలాయ్ బలాయ్ అని వాటేసుకుని, అప్పుడు తల పగలగొట్టాడంటారా?"

"గదేం సాక్ష్యం మేడమ్! దసరా కాలం. లక్డారంల ఏ జేబుల చెయ్యి వెట్టినా జమ్మే ఉంటది."

"ఈ జేబు మేం దులిపిన జేబు. మా ఆఫీసు గడప దాటాక, చచ్చేలోపు, ఎవరో ఆయనకు జమ్మి ఇచ్చారు. ఇచ్చినవాడు వాటేసుకున్నాడు. పరాయివాడు కాదు."

బాలప్ప నవ్వు కాస్త తగ్గింది. నోటిలోని వక్కపలుకు అటు నుంచి ఇటు మార్చాడు.

నాగవల్లికి తన మీద తనకే కోపం వచ్చింది. నోట్లు ముట్టుకోవద్దు, ఎవరికీ చెయ్యి ఇవ్వొద్దు, దారిలో ఆగొద్దు అని లింగానికి పదిసార్లు చెప్పింది. తన తండ్రికి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగం వస్తే గుడివాడ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం తమది. తమ ఇంట్లో దసరా అంటే అమ్మవారి పూజ, గారెలు. జమ్మి పట్టుకుని రెండు చేతులూ చాపి వచ్చేవాణ్ని ఇక్కడి మనిషి ఎవడూ కాదనడని, ప్రాణాల మీదికొచ్చినా కాదనడని, నలభై ఏళ్లుగా ఇక్కడే ఉంటూ తనకు తట్టలేదు.

"ఇంకో సంగతి" అంది. "ఊళ్లో వాళ్లంతా పండగ సాయంత్రమే ఇచ్చిపుచ్చుకుంటారు. మర్నాడు ఇచ్చాడంటే వాడు పండగనాడు ఊళ్లో లేనివాడు. వాడెవరో లింగం భార్య నర్సింహమ్మ చెబుతుంది. ఎక్కడుంది ఆమె?"

"భర్త పోయి ఏడుస్తున్న ఆడమనిషిని గిప్పుడు సతాయిస్తరా?"

"మధుబాబు ఫోన్లో డబ్బు అడిగినప్పుడు పక్కన కూర్చుని విన్నది ఆమే. లింగం పోయాక కోర్టులో ఆ మాట చెప్పగలిగింది ఇక ఆమె ఒక్కతే. అది నాకు తెలిస్తే, లింగాన్ని చంపించినవాళ్లకూ తెలుసు. ఎక్కడుంది?"

"తమ్ముడు తీస్కపోయిండు. పోతిరెడ్డిపల్లి." బాలప్ప జీపు తలుపు తెరిచాడు. "నడువుండ్రి, నేను గూడ వస్త. నా కేసు నా కండ్ల ముంగటనే ఉండాలె."

*

నర్సింహమ్మ తమ్ముడు మల్లేష్ ఇల్లు రెండు గదుల పోర్షన్. ముందు గదిలో గోడకు జారగిలబడి ఆమె కూర్చుంది. ఆమె ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. మల్లేష్ భార్య నిషిత వంటగది గడపలో ఉల్లిగడ్డలు కోస్తోంది. పక్కన పీట మీద పండక్కి మాంసం కొట్టిన కత్తి కడిగి ఆరబెట్టి ఉంది.

మల్లేష్ ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మందుల కంపెనీలో లేబర్ కాంట్రాక్టరు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మేడమ్, మా అక్క రాత్రి నుంచి మంచినీళ్లు గూడ ముట్టలే. జెర తర్వాత రాండ్రి."

"రెండే మాటలు." నాగవల్లి నర్సింహమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

నర్సింహమ్మ తల ఎత్తలేదు. "ఏం కాదంటివి గదమ్మా" అంది. తిట్టినట్టు కూడా లేదు ఆ మాట. తిడితే బాగుండుననిపించింది నాగవల్లికి.

"అన్నానమ్మా. తప్పు నాదే. చంపినవాణ్ని పట్టుకోనివ్వు, తర్వాత ఎంతైనా తిట్టు. పండగనాడు జమ్మి ఇవ్వడానికి మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు?"

"అందరొచ్చిండ్రు. పాలోల్లు, వాడకట్టోల్లు, సర్పంచి గూడ వచ్చిండు."

"రావలసినవాళ్లలో రానిదెవరు?"

"ఎవరుంటరమ్మా... నా తమ్ముడొక్కడే రాలే. కంపెనీల మందిలేరని డ్యూటీల ఆపిండ్రంట. ఆని వాటా కూర గిన్నెల తీసిపెట్టిన. ఎదురుజూసి ఎదురుజూసి ఆఖరికి కుక్కకేసిన."

గదిలో ఉల్లిగడ్డలు తరుగుతున్న చప్పుడు ఆగింది.

నాగవల్లి తొందరపడలేదు. అదే గొంతుతో అడిగింది. "మల్లేష్, మీ బావను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"సద్దుల బతుకమ్మ నాడు మేడమ్, పండుగకు ముందు."

"తర్వాత?"

"తర్వాత ఇగో, గిట్లనే సూసిన. శవాన్నే."

"ఫోన్లో మాట్లాడావా?"

"లే."

"నిన్న షిఫ్టు వదిలినప్పుడు ఎక్కడున్నావు?"

"గేటు కాడ. మాది లెక్క జూసుకునే టైము గద." మాట తడబడలేదు. చూపు మాత్రం ఒక్క క్షణం నాగవల్లి భుజం మీదుగా తలుపు వైపు, బాలప్ప నిలబడ్డ వైపు వెళ్లి వచ్చింది.

మేకుకు తెల్ల చొక్కా ఒకటి వేలాడుతోంది. కొత్తది. మెడపట్టీ మడత ఒక్క పూట వాడకానికే నలిగింది.

"నిన్న వేసుకున్నది ఇదేనా?"

సమాధానం నర్సింహమ్మ చెప్పింది. "గదే. నేనే కొన్న. అమ్మ సచ్చినప్పటి సంది పండుగకు ఆనికి బట్టలు నేనే వెడుత. పండుగనాడు ఏసుకోలే, నిన్న ఏసుకున్న అక్కా అని పొద్దుగాల జెప్పిండు."

"నిషితా, ఇంట్లో బట్టల సోడా ఉందా అమ్మా? ఒక గిన్నెలో వేసి నీళ్లు కలుపు. తెల్ల గుడ్డ ఒకటి తీసుకురా."

బాలప్ప తలుపు దగ్గర నుంచే గట్టిగా నవ్వాడు. "కిరాణా దుకాణం సోడాతోటి మర్డర్ కేసు! మస్తుంది మేడమ్. సబ్బు గూడ తెప్పియ్యమంటరా?"

"ల్యాబుకు పంపేది చొక్కా. ఇది మీకు చూపించడానికి."

ఆమె గుడ్డ తడిపి పిండింది. చొక్కా ఎడమ రొమ్ము మీద అద్ది తీసింది. గుడ్డ తెల్లగానే ఉంది. బాలప్ప ఏదో అనబోయాడు. నాగవల్లి గుడ్డ ఇంకో కొస తడిపి కుడి రొమ్ము మీద అద్ది నొక్కి పట్టుకుంది. తీసేసరికి గుడ్డకు గులాబీరంగు. చొక్కా మీద కూడా తడి తగిలిన మేర అదే రంగు, కొత్త చీర రంగు దిగినట్టు, అందరూ చూస్తుండగానే ఎక్కువైంది.

"అది... మాది మందుల కంపెనీ మేడమ్" అన్నాడు మల్లేష్. "ఎన్ని పౌడర్లుంటయి! యాడనో అంటి ఉంటది."

"పౌడరు ఎగిరి పడితే భుజాల మీద, చేతుల మీద పడాలి. ఇక్కడ చూడు. జేబంత మేర అంటింది. కింద జేబు అంచు గీత కూడా పడింది. నీ చొక్కాకు కుడి వైపు జేబే లేదు. ఎదురుగా నిలబడి వాటేసుకున్నవాడి ఎడమ జేబు ఇక్కడికే తగులుతుంది. ఆ జేబులో పొడి పూసిన నోట్లు పెట్టింది మేము." గొంతు పెంచకుండానే అంది. "మా కారు కనపడకుండా బస్సులు అడ్డం రాగానే బావను పక్క సందులోకి పిలిచావు. జమ్మి ఇచ్చావు. ఆయన కాదనలేకపోయాడు. రాడ్డు పట్టుకున్నప్పుడు పైన కంపెనీ కోటు వేసుకుని ఉంటావు, దాన్ని తగలబెట్టి ఉంటావు. చొక్కా మీద చుక్క రక్తం లేదు కాబట్టి, అక్క పెట్టింది కాబట్టి, ఉంచుకున్నావు."

"అబద్ధం!"

"మల్లిగా."

నర్సింహమ్మ లేచి నిలబడింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ తమ్ముడి ముందుకొచ్చింది. "బావకు బంగారం వెట్టినవార?"

మల్లేష్ వంటగది గడప వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా మీద ఒట్టేసి చెప్పు. వెట్టినవా?"

"వెట్టిన అక్కా" అన్నాడు.

ఆమె కొట్టిన చెంపదెబ్బకు అతని తల గోడకు తగిలింది. రెండోది, మూడోది. గోళ్లతో ముఖం రక్కింది. "ఎత్తుకోని పెంచితి గదరా! నా ఎంగిలి బువ్వ తిని పెరిగితివి గదరా!" సత్యశ్రీ బేడీలు తీసి ముందుకు దూకింది. మల్లేష్ చెయ్యి పీట మీదికి పోయింది. ఎవరూ ఊపిరి తీసుకునేలోపు మాంసం కత్తి నర్సింహమ్మ గొంతు మీద ఉంది. అతని ఎడమ చెయ్యి ఆమె జుట్టు ముడిని పట్టుకుంది. నిషిత కెవ్వుమంది.

"దగ్గరికొస్తే కోస్త! ఆగుండ్రి!"

"ఆగాం. ఎవరూ కదలడంలేదు." నాగవల్లి రెండు చేతులూ పైకెత్తింది. కత్తి అంచు కింద నర్సింహమ్మ గొంతు మీద ఎర్రని సన్నగీత పడి, ఒక్క చుక్క జాకెట్టు మీదికి జారింది. "మల్లేష్, ఆమెకు ఏమైనా అయితే నీకు మిగిలేదేమీ లేదు. ఎవరు పంపారు నిన్ను?"

"సంపుదామని పోలే మేడమ్." అతను ఏడుస్తున్నాడు. ముక్కు నుంచి కారేది తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "వాపస్ పొమ్మన్న. కాళ్లు మొక్కిన. ఇంటలే బావ. ఇంజినీరు దొరికితె ఆడొక్కడే పోడంట. ఆడు నోరిప్పితె కంపెనీ పోతది, కాంట్రాక్టు పోతది, పెద్దోల్లంతా లోపలికి పోతరంట. వెనక ఏసీబీ వస్తుంది, బస్సులు నేను అడ్డం వెట్టిస్త, నువ్వు పక్కకు దీస్కపో అన్నడు."

"ఎవరన్నారు? నిన్న మేం వస్తున్నట్టు నీకు చెప్పింది ఎవరు?"

మల్లేష్ తల ఎత్తాడు. మళ్లీ అదే చూపు, నాగవల్లి భుజం మీదుగా. ఈసారి ఆ కళ్లలో ఉన్నది భయమే. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అతను ముఖం వంచి అక్క భుజంలో దాచుకున్నాడు. చెవి దగ్గర పెదవులు కదిలాయి. ఏం చెప్పాడో గదిలో ఇంకెవరికీ వినపడలేదు. నర్సింహమ్మ కళ్లు మాత్రం ఒక్కసారి పెద్దవయ్యాయి.

అతని వేళ్లు వదులయ్యాయి. కత్తి షాబాదు బండల మీద ఠంగుమని పడింది.

ఆ తర్వాత పేలింది తుపాకీ.

చిన్న గదిలో ఆ మోతకు చెవులు మూసుకుపోయాయి. మల్లేష్ మెడ పక్క నుంచి రక్తం చిమ్మి గోడ మీద, అక్క ముఖం మీద, సోడా నీళ్ల గిన్నెలో పడింది. అతను ఆమె మీదికి వాలి, ఆమెను పట్టుకుని కిందికి జారిపోయాడు. కాళ్లు రెండుసార్లు బండలను తన్నాయి. తర్వాత కదల్లేదు. నిషిత పాకుతూ వచ్చి ఆ కాళ్లను పట్టుకుంది.

నాగవల్లి వెనక్కి తిరిగింది. బాలప్ప చేతిలో రివాల్వర్ ఉంది.

"ఆమె పాణం కాపాడిన" అన్నాడు. "అందరు సూసిండ్రు."

"కత్తి కింద పడ్డాక కాల్చారు."

"ముందు కాల్చిన. గందుకే పడ్డది కత్తి."

"నేను చూశాను బాలప్పా. సత్యశ్రీ చూసింది."

"పొగల, లొల్లిల, ఎవరేం సూసిండ్రో ఎవరికెరుక మేడమ్? మీరు పరేషాన్ల ఉన్నరు. నిన్న ఒకడు, గియ్యాల ఒకడు." రివాల్వర్ ఇంకా ఒరలోకి పోలేదు.

నర్సింహమ్మ తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. చంపినవాణ్ని తోసెయ్యాలో, పెంచినవాణ్ని పొదువుకోవాలో తెలియక ఆమె చేతులు గాలిలో ఊగుతున్నాయి. చివరికి కొంగుతో అతని మూతి తుడిచింది.

"చెప్పిండు" అంది. ఎవరితో అంటోందో తెలియలేదు. "నా చెవుల చెప్పి సచ్చిండు. ఎవరు పంపిండ్రో పేరు చెప్పిండు."



"గట్లనా అవ్వా?" బాలప్ప గొంతు అంత మెత్తగా ఉండగలదని నాగవల్లి అనుకోలేదు. అతను ఒక అడుగు లోపలికి వేశాడు. "ఎవరి పేరు జెప్పిండు? భయపడకు. నాకు జెప్పు."

నర్సింహమ్మ మెల్లగా తల ఎత్తింది.

నాగవల్లి రక్తంలో మోకాళ్ల మీద పడి, బాలప్పకు వీపు అడ్డం పెట్టి, అరచేత్తో ఆమె నోరు గట్టిగా మూసేసింది. "వద్దమ్మా. ఇక్కడ వద్దు. బతికి ఉంటే కోర్టులో చెబుదువు" అని చెవిలో అంది. అరచేతి కింద ఆ పెదవులు మాత్రం ఆగలేదు. పేరును పలుకుతూనే ఉన్నాయి.

వెనకాల వీధి తలుపుకు లోపలి గొళ్లెం పడింది.